ఆమె వద్దంటే ఏమవుతుంది?

పోయిన వారం పొద్దున మా ఆఫీసు పక్కనున్న టీ బంకు దగ్గర ఎవరో పేపరు పైకి చదువుతున్నారు. జిల్లా పేజీలో చిన్న వార్త. రైల్లో గంజాయి తీసుకొస్తూ ముగ్గురు ఆడవాళ్ళు దొరికారు. ఫొటోలో ముగ్గురూ కొంగులు మొహం మీదికి లాక్కొని నేల మీద కూర్చున్నారు. ముందు బ్రౌన్ టేపు చుట్టిన ప్యాకెట్లు, వెనక వరసగా పోలీసులు. మా దగ్గర టైపింగ్ చేసే అబ్బాయి, మంచి పిల్లోడే, "ఆడోళ్ళు అన్నిట్లో ముందుకొచ్చినారు గదక్కా, ఇందులోనూ వచ్చేసినారు" అన్నాడు. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. టీ సగం తాగి లోపలికి వచ్చేశాను.

వాడు చెడ్డ ఉద్దేశంతో అనలేదు. టీవీలో విన్న మాటే అన్నాడు. ఏ కేసులో ఆడమనిషి పేరు వినబడినా ‘లేడీ డాన్’ అని స్క్రోలింగ్ వేస్తారు. చదువుకున్నవాళ్ళు ఇదే సంగతిని ఇంకాస్త పెద్ద మాటల్లో చెప్తారు. ఆడవాళ్ళకు చదువు పెరిగింది, బయట తిరిగే వీలు పెరిగింది, కాబట్టి ముఠాల్లోనూ వాళ్ళ స్థానం పెరిగింది అంటారు. ఆ ‘కాబట్టి’ దగ్గరే నాకు పేచీ. ముఠాల్లో ఆడవాళ్ళ పని పెరిగిందంటే ఒప్పుకుంటాను. పెత్తనం పెరిగిందంటే మాత్రం అంత తేలిగ్గా తల ఊపలేను. ఎందుకో చెప్పాలంటే నేను చేసే పని గురించి చెప్పాలి.

పేరు ఆమెది

నేను డాక్యుమెంట్ రైటర్‌ని. మా నాయన దగ్గర నేర్చుకున్న పని. ఇరవై రెండేళ్ళుగా తిరుపతిలో దస్తావేజులు రాస్తున్నాను. ఇంటి స్థలాలు, మామిడి తోటలు, అన్నదమ్ముల భాగపరిష్కారాలు, కూతుళ్ళకు రాసిచ్చే గిఫ్ట్ సెటిల్‌మెంట్లు. భార్య పేరున స్థలం కొనడం మా వైపు కొత్తేమీ కాదు. చాలామంది ప్రేమతోనే కొంటారు.

ఆరేళ్ళ కిందట ఒకామె వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. తెల్ల ఇన్నోవాలో వచ్చారు, ఆమె వెంట నలుగురు మగవాళ్ళు. భర్త రాలేదు, భర్త స్నేహితుడట, అతనే అన్నీ మాట్లాడాడు. కరకంబాడి వైపు మూడు స్థలాలు, అన్నీ కలిపి ఎన్ని అంకణాలో కూడా అతనికి నోటికి వచ్చు. మూడూ ఒకే రోజు ఆమె పేరు మీద. వృత్తి అన్నచోట నింపాలి కదా, "ఏం పని చేస్తావమ్మా?" అని ఆమెనే అడిగాను. ఆమె "ఇంటిపని" అంది. అతను "వ్యాపారం అని రాయండక్కా" అన్నాడు. నేను వ్యాపారం అనే రాశాను. రాయకుండా ఉండాల్సింది. సంతకం పెట్టబోతూ ఆమె నన్ను అడిగింది ఒక్కటే. "నా పేరులో అక్షరాలు సరిగ్గా ఉండాయా అక్కా?"

రెండేళ్ళకు మళ్ళీ వచ్చింది. ఈసారి ఆటోలో, చంకలో పిల్లోడు, చేతిలో నోటీసు. భర్త ఎర్రచందనం కేసులో లోపల ఉన్నాడు. "నా పేరు మీద ఏమేమి ఉండాయో చూసి చెప్తావా అక్కా" అంది. వెతికించాను. మూడు కాదు, ఏడు. మిగతా నాలుగూ వేరే రైటర్ల దగ్గర రాయించారు. ఒక్కోదాని చెక్కుబందీ చదివి వినిపించాను. తూర్పున ఫలానావాళ్ళ స్థలం, పడమర ఇరవై అడుగుల రోడ్డు. అలా ఏడూ వింది. వాటిలో ఒక్కదాన్ని కూడా తను కళ్ళతో చూడలేదట. ఎక్కడున్నాయో కూడా తెలీదు. పోతూ పోతూ ఆటోకి చాలవని నా దగ్గర యాభై రూపాయలు అడిగి తీసుకుంది.

కాగితాల్లో చూస్తే ఆమె ఏడు ఆస్తులున్న వ్యాపారస్తురాలు. ఏ అధికారి ఆ కాగితాలు చూసినా, ఈ ముఠా డబ్బంతా ఈమె చేతిలోనే ఉందనుకుంటే తప్పు పట్టలేం. అలా అనుకోవడానికి కావలసిన ముక్క ఒకటి నేనే రాసిచ్చాను.

2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అందులో 111వ సెక్షన్ వ్యవస్థీకృత నేరాల గురించి. మా పనికీ దానికీ సంబంధం ఉంటుందని కూర్చుని చదివాను. ఆ నేరం చేసినవాణ్ణి దాచిపెడితే శిక్ష ఉంది, కానీ దాచింది భార్యో భర్తో అయితే ఆ శిక్ష వర్తించదు అని విడిగా రాశారు. ఇంకొంచెం కిందికి వస్తే, ముఠా సభ్యుడి తరఫున ఆస్తి తన దగ్గర పెట్టుకుని, లెక్క చెప్పలేకపోయినవాళ్ళకు కనీసం మూడేళ్ళు, పదేళ్ళ దాకా జైలు. ఇక్కడ భార్యకు మినహాయింపు లేదు. అంటే రాత్రిపూట వచ్చిన మొగుణ్ణి ఇంట్లో దాచుకుంటే చట్టం అర్థం చేసుకుంటుంది. మొగుడి స్థలాన్ని పేరు మీద దాచుకుంటే అర్థం చేసుకోదు. చట్టం రాసినవాళ్ళ కారణం నాకు తెలుసు. ఆ మినహాయింపు ఇస్తే ప్రతి స్మగ్లరూ అన్నీ భార్య పేరునే రాయిస్తాడు. ఆ మాట నిజమే. కానీ వాళ్ళు ఇప్పుడూ అలాగే రాయిస్తున్నారు. తేడా ఏమిటంటే, ఇప్పుడు జైలుకు పోయే మనిషి ఇంకొకరు పెరిగారు.

మా ఊరి బట్టీ

ఇంతవరకూ చెప్పింది వింటే ముఠాల్లో ఆడవాళ్ళందరూ ఏమీ తెలియని అమాయకులే అని నేను చెప్తున్నట్టుంది. కాదు. చిన్నప్పుడు మా ఊళ్ళోనే దానికి విరుద్ధం చూశాను.

మాది పాకాల దగ్గర పల్లె. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధించాక మా పక్క గుట్టల్లో నాటుసారా బట్టీలు లేచాయి. నల్లబెల్లానికి చిత్తూరు జిల్లాలో కొదవ లేదు కదా. మా ఊరి బట్టీ నడిపింది ఒక ఆడమనిషి. నేను ఆమెను అత్తా అని పిలిచేదాన్ని. మొగుడు పాము కరిచి పోయాక పని ఆమె చేతికి వచ్చింది. పదిమంది మగవాళ్ళు ఆమె కింద పనిచేసేవాళ్ళు. ఊట ఎన్నో రోజుకు దించాలో, ఏ ఊరికి ఎన్ని డబ్బాలు పోవాలో, ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఒక్క ముక్క రాసుకోకుండా చెప్పేది. బాకీ ఎగ్గొట్టినవాడి ఇంటి ముందు మంచం వేసుకుని పడుకునేది, డబ్బు ఇచ్చిందాకా లేచేది కాదు. మా అవ్వ ఆమెను తిట్టుకునేది, భయపడేది కూడా. ఆ సారా తాగి మా చిన్నాయన కాలేయం చెడి పోయాడు. కాబట్టి ఆమె మీద నాకు జాలి లేదు. ఆమె చేతిలో నిజంగానే పెత్తనం ఉండింది, దాంతో చెడు చేసింది.

కానీ అది ఎన్నాళ్ళు ఉండింది? కొడుక్కు పంతొమ్మిదేళ్ళు వచ్చిందాకా. ఒక పండగకు ఊరికి పోతే ఆమె ఇంటి అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది. "నా కొడుకు చూసుకుంటాండాడు మ్మా, ఇంక నన్ను గడప దాటొద్దన్నాడు" అంది. అదే పదిమంది ఇప్పుడు వాడి చుట్టూ ఉన్నారు. ఎవ్వరూ ఆమె వైపు చూడలేదు. వాడేమీ ఆమెతో పోరాడి లాక్కోలేదు. అడిగాడు, ఆమె ఇచ్చేసింది. ఊళ్ళో అందరికీ అది మామూలుగానే కనిపించింది, ఆమెకు కూడా.

ఆమె గుర్తొచ్చినప్పుడల్లా దూరపు కథలు కూడా వేరుగా అర్థమవుతాయి నాకు. గుజరాత్‌లో పోర్‌బందర్ సంతోక్‌బెన్ జడేజా పేరు వినే ఉంటారు. 1986లో భర్త సర్మన్ ముంజా హత్య తర్వాతే ఆమె ముఠాను చేతిలోకి తీసుకుంది. 1990లో కుతియానా నుంచి ఎమ్మెల్యే కూడా అయింది. ఇటలీలో సిసిలీ మాఫియా ఆడవాళ్ళను సభ్యులుగా చేర్చుకోదు. అయినా అక్కడి పార్తినికో అనే ఊళ్ళో జూసీ వితాలే అనే ఆమె, మాఫియాలో ఉన్న తన అన్నలిద్దరి వ్యవహారం తనే నడిపింది, అన్నల మీద పోలీసుల పట్టు బిగిసిన రోజుల్లో. 1998లో అరెస్టయింది. ఎక్కడ చూసినా వరస ఒకటే. మగవాడు చచ్చిపోవాలి, లేదా జైలుకు పోవాలి, లేదా పరారీలో ఉండాలి. అప్పుడు కుర్చీ ఖాళీ అవుతుంది, ఇంటిపేరు నిలబెట్టడానికి ఆమె కూర్చుంటుంది. ఇంటి పెద్ద పోతే పిల్లవాడు ఎదిగిందాకా తల్లి వ్యవసాయం చూసుకున్నట్టే. దాన్ని ఆడవాళ్ళ ఎదుగుదల అని రాసేవాళ్ళు ఆ పిల్లవాడు ఎదిగాక ఏమయిందో కూడా రాయాలి.

ఇక్కడ నా వాదనకు అడ్డొచ్చే మనిషి ఒకామె ఉంది. ఇటలీలోనే నేపుల్స్ నగరంలో ముఠా నడిపిన మరియా లిచ్చార్ది. ఆమె కూడా అన్నలు, భర్త జైలుకు పోయాకే పైకొచ్చింది. కానీ సందు పూడ్చి వెనక్కి వెళ్ళలేదు. 2001లో అరెస్టయి, 2009లో విడుదలై, మళ్ళీ 2021 ఆగస్టులో రోమ్ విమానాశ్రయంలో స్పెయిన్‌కు పోబోతూ దొరికింది. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా పోలీసులు వెతికింది ఆమెనే, ఆమె వెనకున్న మగవాణ్ణి కాదు. నేపుల్స్ ముఠాల్లో సిసిలీలాగా ప్రమాణాలు చేయించి మగవాళ్ళనే చేర్చుకునే కట్టుబాటు లేదు. అక్కడిది ఎక్కువగా కుటుంబ వ్యాపారం. కట్టుబాటు వదులైనచోట సత్తా ఉన్న ఆడమనిషి నిలబడగలదు. కాబట్టి ‘ఎప్పుడూ, ఎక్కడా పెత్తనం లేదు’ అంటే నేను అబద్ధం చెప్పినదాన్ని అవుతాను. అలాంటివాళ్ళు ఉన్నారు. వాళ్ళను చూపించి రైల్లో ప్యాకెట్లతో దొరికిన ముగ్గురి గురించి మాట్లాడొద్దు అంటున్నాను, అంతే.

బరువు

ఆ ముగ్గురి సంగతే చూద్దాం. గంజాయి మనవైపు పెద్దగా పండదు. ఎక్కడో ఏజెన్సీ కొండల నుంచి బయల్దేరి రైల్లోనో బస్సులోనో మన మీదుగా తమిళనాడు వైపు పోతుంది. బ్యాగు మోసే మనిషికి తెలిసింది ఒక ఫోన్ నంబరు, ఒక స్టేషన్ పేరు. పట్టుబడితే ఏమవుతుంది? మాదకద్రవ్యాల చట్టం గంజాయిని బరువుతో చూస్తుంది. కిలో దాకా చిన్న మొత్తం. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, కనీసం పదేళ్ళు, ఇరవై దాకా జైలు, లక్షకు తగ్గకుండా జరిమానా. అంత బరువుంటే 37వ సెక్షన్ కింద బెయిలు కూడా చాలా కష్టం. బరువు ఎవరి దగ్గర దొరికితే వాళ్ళది. కొన్నవాడు, అమ్మినవాడు, ఫోన్ చేసినవాడు బరువు దగ్గర ఉండరు.

మరి ఆడవాళ్ళనే ఎందుకు పంపుతారు? ఆడమనిషి బ్యాగు తెరవడానికి పోలీసులు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారని. కారులో ముందు సీట్లో భార్యాభర్తల్లా ఒక జంట, వెనక చిన్నపిల్ల ఉంటే చెక్‌పోస్టులో ఆపేవాళ్ళు తక్కువని. ఇదేమీ రహస్యం కాదు. 2015 నవంబరు 17న చిత్తూరు నగరపాలక కార్యాలయంలో మేయర్ కఠారి అనురాధను చంపడానికి వచ్చినవాళ్ళు బుర్ఖాలు వేసుకొచ్చారు. ఒక ఆడమనిషిని, ఆ ఊరి మొదటి పౌరురాలిని, ఆమె గదిలోనే చంపడానికి ఆడవేషం వేసుకుని వచ్చారు. ఆ వేషంలో ఎవరూ అనుమానించరన్న ధైర్యం. పదేళ్ళు దాటినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు చల్లబడుతుంది.

ఎవరూ అనుమానించకపోవడం ముఠాకు ఒక సరుకు. ఆ సరుకు ఉన్నది ఆడవాళ్ళ దగ్గర. ముఠాలో ఆడవాళ్ళ సంఖ్య పెరిగిందంటే ఆ సరుకు వాడకం పెరిగిందని మాత్రమే నాకు అర్థమవుతుంది. అనుమానం మొదలైన రోజు వాళ్ళను వదిలేసి ముసలివాళ్ళనో, పిల్లలనో పంపుతారు.

ఎర్రచందనంలోనూ ఇంతే. శేషాచలం చెట్టు మన కొండల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదంటారు. ఆ చెట్టు కోసం ఎంత రక్తం పోయిందో ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి అడవిలో ఇరవై మంది తమిళ కూలీలు చనిపోయారు. అందులో ఆడవాళ్ళు లేరు. ఆడవాళ్ళు ఆ తర్వాత కనిపించారు, తిరువణ్ణామలై వైపు ఊళ్ళలో శవాల పక్కన. వాళ్ళలో కొందరు ఏడ్చి ఊరుకోలేదు, శవాలను మళ్ళీ పరీక్షించాలని కోర్టుకెక్కారు. నా లెక్కలో ఆ ఏడాది ఈ దందాలో ఆడవాళ్ళు చేసిన అన్నిటికంటే పెద్ద పని అది. దాన్ని ఎవరూ ‘ఎదిగిన పాత్ర’ అని రాయలేదు. అదే కొన్నేళ్ళ తర్వాత ఇదే దందాలో ఒక ఆమెను అరెస్టు చేసి తెచ్చినప్పుడు ఊరంతా ఆమె ఫొటోలు ఫోన్లో తిప్పుకుంది. ఆమె చేసిన నేరం ఏమిటని ఒక్కరు అడిగితే ఒట్టు.

నా స్నేహితురాలి కోపం

ఇదంతా చిత్తూరు కోర్టులో ప్రాక్టీసు చేసే నా స్నేహితురాలితో చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది. "నువ్వు చెప్పేది వినడానికి మంచిగా ఉంది గానీ ప్రమాదం. ఆడది స్వయంగా నేరం చేయలేదు, ఎవడో చేయించాడు అంటే ఆమెకు బుర్ర లేదని చెప్పినట్టే. ఇప్పటికే జడ్జీలలో సగం మంది అలాగే అనుకుంటారు. దాన్ని వాడుకుని తప్పించుకున్నవాళ్ళను నేను చూశాను" అంది.

నాకు రెండు రోజులు జవాబు దొరకలేదు. ఎందుకంటే ఆమె చెప్పినట్టు నిజంగానే జరిగింది, ఇటలీలోనే. 1982లో అక్కడ మాఫియాలో ఉండటమే నేరం అని చట్టం తెచ్చారు. ఆ మరుసటి ఏడాది సిసిలీలోని పలెర్మో కోర్టు ఒక మాఫియా కుటుంబపు ఆడమనిషి విషయంలో, ఆ కుటుంబాల్లో ఆడవాళ్ళకు మగవాళ్ళ వ్యవహారంలో పాలుపంచుకునేంత స్వాతంత్ర్యం లేదన్న ధోరణిలో తీర్పు చెప్పింది. వినడానికి దయగా ఉంటుంది. జరిగిందేమిటి? డబ్బూ ఆస్తులూ ఆడవాళ్ళ పేర్ల మీదికి పోవడానికి అది దారి అయింది. కోర్టు చూడనిచోట మాఫియా తన సొత్తు పెట్టుకుంది. ఆడవాళ్ళ అమాయకత్వాన్ని నమ్మిన జడ్జీలు వాళ్ళకేమీ మేలు చెయ్యలేదు.

కాబట్టి నేను నా మాట కొంచెం మార్చుకున్నాను. శిక్ష వద్దనడం లేదు. మా అత్తకు శిక్ష పడి ఉంటే మా చిన్నాయన బతికేవాడేమో. నేను అడిగేది కొలత గురించి. ఆమె ఎంతమందికి ఆర్డర్లు వేసింది, ఎంత డబ్బు చేతులు మారింది, ఎన్ని ఆస్తులు పేరున ఉన్నాయి అని చూస్తున్నాం. వీటితో పాటు ఇంకొకటి చూడాలి. ఆమె వద్దు అంటే ఏమవుతుంది? మగవాడు ముఠా వదిలేస్తానంటే చంపుతారు, అది నాకు తెలుసు. కానీ అతను చేరినది ముఠాలో. ఆమె పుట్టిందీ, మెట్టిందీ, పిల్లల్ని కన్నదీ ఆ ఇంట్లోనే. ఆమె దేన్ని వదలాలి?

ఇటలీ దక్షిణ భాగంలో, కలబ్రియాలో ద్రాంగెటా అనే ముఠాలున్నాయి. రక్తసంబంధాల మీద నడుస్తాయి. లేయా గరోఫాలో ఆ కుటుంబం నుంచి బయటపడి పోలీసులకు అన్నీ చెప్పింది. 2009 నవంబరు 24న మిలాన్‌లో బిడ్డ తండ్రే ఆమెను చంపించాడు. తర్వాత ఆ బిడ్డ, దెనీసె, కోర్టులో నిలబడి తండ్రి మీద సాక్ష్యం చెప్పింది. మరియా కొంచెట్టా కచ్చోలా కూడా పోలీసుల రక్షణలోకి పోయింది. పిల్లలు పుట్టింట్లో ఉండిపోయారు. పిల్లల కోసం వెనక్కి వచ్చింది. 2011 ఆగస్టులో యాసిడ్ తాగి చనిపోయింది. జుసెప్పీనా పెషె పోలీసులకు చెప్పిన మాటలు ఇంటివాళ్ళ ఒత్తిడికి ఒకసారి వెనక్కి తీసుకుంది, మళ్ళీ ధైర్యం చేసి చెప్పింది. ఆమె సాక్ష్యంతో సొంత కుటుంబం వాళ్ళకే శిక్షలు పడ్డాయి. ఈ ముగ్గురినీ ఏ టీవీ డాన్ అనదు. ఆ ముఠాలను వాళ్ళంత గట్టిగా లోపలి నుంచి దెబ్బకొట్టినవాళ్ళు తక్కువ.

అక్కడే రెజ్జో కలబ్రియా బాలల కోర్టులో రొబెర్తో ది బెల్లా అనే జడ్జి 2012 నుంచి ముఠా కుటుంబాల పిల్లలను ఆ వాతావరణం నుంచి దూరంగా తీసుకుపోయి పెంచే ఏర్పాటు మొదలుపెట్టాడు. పిల్లల్ని తల్లి నుంచి విడదీయడం ఏమిటని మొదట నాకు కూడా గుండె తరుక్కుపోయింది. తర్వాత చదివితే, కొందరు తల్లులే ఆయన దగ్గరికి వచ్చి మా పిల్లల్నీ తీసుకుపోండి అని అడిగారు. వాళ్ళకు ఒక తలుపు తెరిచినట్టు కనిపించింది. మన దగ్గర అలాంటి తలుపు ఎక్కడుంది? ఎర్రచందనం మేస్త్రీ భార్య ఒకామె రేపు పొద్దున పిల్లల్ని తీసుకుని బయటికి రావాలనుకుంటే, ఏ ఆఫీసు మెట్లెక్కాలో నాకు చెప్పండి. నేను ఇరవై రెండేళ్ళుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న మనిషిని, నాకే తెలీదు.

స్నేహితురాలు ఇది కూడా పూర్తిగా ఒప్పుకోలేదు. "వద్దంటే ఏమయ్యేదో కోర్టులో ఎలా రుజువు చేస్తావే?" అంది. అది కష్టమే. రుజువు కష్టమని అడగడమే మానేస్తే ఎలా?

మూసిన తలుపు

ఆ ఏడు స్థలాలామె వచ్చిపోయాక నేను ఒక అలవాటు చేసుకున్నాను. ఆడమనిషి పేరు మీద దస్తావేజు రాస్తే, వెంట వచ్చిన మగవాళ్ళను బయట కూర్చోమంటాను. తలుపు వేసి, మొత్తం చదివి వినిపిస్తాను. స్థలం ఎక్కడుందో చెప్తాను, డబ్బు ఎవరిచ్చారని రాస్తున్నామో చెప్తాను, ఈ సంతకంతో రేపు ఏమేమి మీదికి రావచ్చో చెప్తాను. వృత్తి ఆమె నోటితో చెప్పిందే రాస్తాను. దీనివల్ల కొందరు పార్టీలు నా దగ్గరికి రావడం మానేశారు. ఒకాయన "రాసేదానికి పిలిస్తే పాఠం చెప్తాండావా?" అని గొడవ చేసి పోయాడు. చాలామంది ఆడవాళ్ళు విని నవ్వి, "మా ఆయన అట్లాంటోడు కాదక్కా" అంటారు. చాలావరకు అది నిజమే.

పోయిన నెల ఒకమ్మాయి వచ్చింది. పెళ్ళయి రెండేళ్ళయిందట. భర్త, బావ బయట బెంచీ మీద కూర్చున్నారు. మొత్తం చదివాను. ఆమె నవ్వలేదు. పెన్ను టేబుల్ మీద పెట్టి, గాజులు పైకి తోసుకుంటూ కాసేపు కూర్చుంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "సంతకం పెట్టనంటే ఏమవుతుందక్కా?"

స్థలానికి ఏమవుతుందో నేను చెప్పగలను. రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది, అడ్వాన్సు వెనక్కి తీసుకోవాలి. ఆమె అడిగింది అది కాదని నాకు తెలుసు. కిటికీలోంచి బెంచీ వైపు చూశాను. బావ ఫోన్ మాట్లాడుతున్నాడు, భర్త తలుపు వైపే చూస్తున్నాడు. నా ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి ఆమె చేతిలో పెట్టాను. దాన్ని మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. పెన్ను తీసుకుని ఐదు పేజీల్లోనూ సంతకం పెట్టింది.

ఇంతవరకు ఫోన్ రాలేదు.